ఇద్దరికి సరిపడే ఇల్లు

ఆ ఇల్లు స్కాట్లాండ్‌కు పడమటి వైపున్న ఒక దీవిలో ఉంది. నేను దాన్ని చూడలేదు. జనగామలో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో పాత పత్రికలు తీసేస్తున్నప్పుడు ఒక ఇంగ్లిష్ యాత్రల పత్రికను ఇంటికి తెచ్చుకున్నాను. అందులో రెండు పేజీలు ఆ ఇంటి గురించి రాశారు. రాతి గోడలు. కప్పు మీద మట్టి, ఆ మట్టిలో పెరిగిన గడ్డి. చలి రాకుండా గోడల లోపల గొర్రెల ఉన్ని. వాడుకోవడానికి వాన నీళ్లు. చిన్న గాలిమర ఎంత కరెంటు ఇస్తే అంతే. సెలవులు గడపడానికి వచ్చేవాళ్లకు అద్దెకిస్తారు, అదీ ఇద్దరికే. మూడో మనిషికి చోటు లేదని ముందే చెప్పారు.

నా భర్త ఆ రెండు పేజీలు చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఆయన జూనియర్ కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పేవాడు. ఎప్పటికీ వెళ్లలేని చోట్ల ఎంత వాన పడుతుందో ఆయనకు నోటికి వచ్చు.

"గిసుంటిది మన చెల్కల కట్టుకుందామా?" అన్నాడు.

మా అత్తమ్మ గోడకు ఆనుకొని చింతపండులో గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది, "గడ్డి కప్పిన గుడిసెల్నే గదరా మీ తాత పుట్టింది. దాన్ని ఇడిసిపెట్టి గీ డాబా కట్టెటందుకు మీ నాయిన నడుం ఇరిగింది. నువ్వు మల్ల గుడిసె కట్టుకుంటవా?"

"గుడిసె కాదే అవ్వా. కాటేజీ."

"ఎంతమందికి?"

"ఇద్దరికి."

"మరి నేనెక్కడ పండాలె?"

"నువ్వు చుట్టానివా ఏంది? నువ్వు ఓనర్‌వి. మాతాన కిరాయి వసూల్ జేసుకో."

అత్తమ్మ ఒక గింజ తీసి ఆయన మీదికి విసిరింది.

మా చెల్క, అంటే వాన మీద ఆధారపడే మెట్ట పొలం, లింగాల ఘనపూర్ దాటాక ఉంటుంది. పక్కనే ఊరి చెరువు. చెల్క కొసన ఒక మిట్ట ఉంది, నాలుగు ఇళ్లు పట్టేంత పెద్దదేమీ కాదు. చెరువు బాగా నిండిన ఏడాది దాని చుట్టూ నీళ్లు వస్తాయని ఊళ్లో చెప్పేవారు. నిండని ఏళ్లే ఎక్కువ కాబట్టి ఆ మిట్టను ఎవరూ పట్టించుకోలేదు. ఆయనకు అదే దీవి. సెలవు రోజుల్లో వెళ్లి, కూలీకి ఇద్దరిని పెట్టుకొని, తనూ మట్టి తొక్కి, ఏడాదిన్నరలో గోడలు లేపాడు. ఆ ఉన్ని ఇక్కడ ఎక్కడ దొరుకుతుందని నేనడిగితే, గొర్రెలు కాసే కురుమల ఇళ్ల నుంచి పాత గొంగళ్లు కొనుక్కొచ్చాడు. తుమ్మ వాసాల మీద వెదురు తడకలు, వాటి మీద నీళ్లు దిగని తాటిపత్రి పట్ట, పట్ట మీద గొంగళ్లు, గొంగళ్ల మీద మట్టి. ఆ మట్టిలో పొలం గట్ల మీది గరిక తెచ్చి నాటాడు. నాటింది వేసవి మొదట్లో. గరిక బతకాలి కదా. రోజూ సాయంత్రం బిందెతో నీళ్లు మోసి కప్పు మీద పోసేవాడు. ఊళ్లో అంతా, "సారు ఇంటికి నీళ్లు పెడ్తుండు, ఎప్పుడు కోతకొస్తదో" అని నవ్వేవారు.

లోపల ఒకటే గది. గోడకు అంటించి ఇద్దరు పడుకునేంత మట్టి అరుగు. తలుపు పక్కన రెండు కొయ్య మేకులు, బట్టలు తగిలించుకోవడానికి. కప్పు మీద చిన్న సోలార్ పలక. వెనుక, నీళ్లు కాకుండా బూడిద పోసే మరుగుదొడ్డి. అత్తమ్మ దాన్ని చూసి, "ఊరంత లెట్రిన్లు కట్టుకుంటుంటె నా కొడుకు పిల్లి లెక్క బూడిదల కూసుంటడట" అని తిరిగి బస్సెక్కే దాకా నవ్వింది.

ఆ మిట్ట చుట్టూ నీళ్లు రావడం ఆయన చూడలేదు. ఆ వేసవిలోనే పోయాడు.

ఛాతీలో నొప్పి అన్నాడు. వరంగల్ తీసుకుపోయాం. నాలుగు రోజుల తర్వాత దవాఖానాలో ఇక చేసేదేమీ లేదన్నారు. "నా కొడుకును ఇంటికి దీస్కపోత" అని అత్తమ్మ పట్టుబట్టింది. నేను అడ్డు చెప్పలేదు. జనగామలో మా ఇంట్లో, మా గదిలోనే, తెల్లవారాక ప్రాణం పోయింది.

పంతులు పంచాంగం చూసి ధనిష్ఠ అన్నాడు. అది మంచి నక్షత్రం కాదు. ఆ నక్షత్రంలో ఎవరన్నా పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి. దీపం పెట్టకూడదు, పొయ్యి ముట్టించకూడదు, గడప లోపల అడుగు పెట్టకూడదు. పెడితే ఆ ఇంటివాళ్లలో ఇంకొకరిని తీసుకుపోతుందని నమ్మకం. ఆ ఇంటివాళ్లు ఇంకొకరి ఇంట్లో ఉండటం కూడా మంచిది కాదంటారు.

నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. కానీ నేను నమ్మకపోవడం వల్ల మాకు అద్దెకు గది దొరకలేదు. "మీరు మంచోళ్లే టీచరమ్మా, మా ఇంట్ల పసిపిల్లలున్నరు" అన్నారు ఒకరు. నన్ను ఊళ్లో టీచరమ్మ అనే అనేవారు, లైబ్రరీ అంటే ఏమిటో అడగకుండా. మానుకోట నుంచి వచ్చిన మా అన్న, "మన ఇంటికి రా" అన్నాడు. పక్కనే నిలబడ్డ ఆయన భార్య తన పిల్లల వైపు చూసింది. చెల్పూర్ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ ఇంకా సూటిగా మాట్లాడింది. ఆమె భర్తకు అక్కడి కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. "ఇప్పుడైతె మా అత్త ఒప్పుకోదు. ఆర్నెల్లు ఎల్లినంక అవ్వను నేను దీస్కపోత. నువ్వు గూడ మీ అన్నకాడికి పోదువు తియ్యి వదినా. పిల్లలు గూడ లేకపాయె, ఒక్కదానివి ఏం జేస్తవ్ గీడ?" అంది. దురుసుగా ఏమీ అనలేదు. అందరూ అనుకున్నదే అంది.

అత్తమ్మ అంతా విని, "ఎవ్వరి గడప తొక్కుడొద్దు. వాడు కట్టిండు గద. ఆడికే పోదాం" అంది.

పన్నెండో రోజు అయ్యాక ఇంటికి తాళం వేశారు. గడపకు అడ్డంగా రేగుకంప కొట్టారు. తాళంచెవి అత్తమ్మ రొండిన దోపుకుంది. వీధి చివర ఆటో ఎక్కుతుండగా నాకు గుర్తొచ్చింది.

"అత్తమ్మా, తాళం ఇయ్యి. అంగీ మర్చిపోయిన."

"ఏ అంగీ?"

"తలుపెనుక కొక్కేనికి ఉన్నది. వరంగల్ పోయేముందు ఇడిసింది. ఉతకలె దాన్ని."

"కంప కొట్టినంక లోపటికి పోవుడుండదు బిడ్డా."

"ఒక్క నిమిషం."

"గా నిమిషం చాలు దానికి. ఇంటోళ్లం అంటె ఎవరమున్నం ఇంక? నువ్వు, నేను. ముసల్దాన్ని నన్నెందుకు దీస్కపోతది?"

ఆటో కదిలింది. నీలం రంగు అంగీ అది, చేతుల దగ్గర కొద్దిగా వెలిసింది. ఆయనవి మిగతా బట్టలన్నీ ఆచారం ప్రకారం ఎవరెవరికో ఇచ్చేశారు. కొన్ని కాల్చారు. తలుపు గోడ వైపుకు తెరిచి ఉండటం వల్ల దాని వెనకున్న ఆ ఒక్క అంగీని ఎవరూ చూడలేదు. మెడ దగ్గర చెమట, సుద్దపొడి, ఆయన వాడే కొబ్బరినూనె వాసన ఇంకా ఉంటుంది. ఆరు నెలలు ఉంటుందా?

అట్లా స్కాట్లాండ్ ఇంట్లో ఇద్దరం చేరాం. నేను, అత్తమ్మ.

అరుగు మీద గోడ వైపు నేను, బయటి వైపు, ఆయన పడుకోవలసిన చోట, ఆమె. నాకు నిద్ర పట్టేది కాదు. ఆమెకు పట్టేది, గురక పెట్టేది. రెండు మేకుల్లో ఒకదానికి నా సంచి తగిలించాను. రెండోదానికి ఆమె తన చీర తగిలించబోయి ఆగి, మడిచి అరుగు కింద పెట్టుకుంది. ఆ మేకు ఖాళీగా ఉండిపోయింది.

పొద్దున్నే బస్సులో జనగామ కాలేజీకి పోయేదాన్ని. లైబ్రరీలో కూర్చునేదాన్ని కాదు. ఒక బీరువా తెరిచి, మూసి, ఇంకోటి తెరిచేదాన్ని. పుస్తకం మొదలుపెట్టి ఇరవయ్యో పేజీలో వదిలేసేదాన్ని. మనిషి వాసన బట్టలో ఎంతకాలం ఉంటుందో ఏ పుస్తకంలోనైనా ఉందేమోనని వెతికాను. సుగంధద్రవ్యాల గురించి ఉంది. చెమట గురించి లేదు. సాయంత్రం బస్టాండుకు పోయే దారిలో కాకుండా చుట్టూ తిరిగి మా వీధిలోంచి వెళ్లేదాన్ని. ఎదురుగా ఉన్న జెరాక్స్ దుకాణం పక్కన నిలబడి తాళం వైపు, ఎండిపోతున్న కంప వైపు చూసేదాన్ని. వానలు మొదలయ్యాక గోడ మీద చెమ్మ మరక కిటికీ దాకా దిగింది. చెమ్మ అంటే బూజు. బూజు పడితే అంగీకి ఆయన వాసన మిగలదు.

"జర దూరం నిలబడు టీచరమ్మా," అన్నాడు జెరాక్స్ అతను ఒకరోజు. "నా దుకాన్‌ల గిరాకీ భయపడుతున్నరు."

"నేను ఇంట్లకు పోతలేను గద."

"పోతలేవు. గని నీ మొకం జూస్తె పోయెటట్టున్నవ్."

ఇంటికి, అంటే మిట్ట మీదికి, వచ్చాక రోజూ అదే గొడవ.

"తాళం ఇయ్యి అత్తమ్మా."

"ఇయ్య."

"నేను గివన్ని నమ్మను."

"నువ్వు నమ్మకు. నీ దిక్కుకెల్లి నేను నమ్ముత తియ్యి. ఉప్పు అందుకో."

ఆ వానలకు కప్పు మీది గరిక పచ్చబడింది. ఆయన వేసవంతా బతికించినది వానకు ఒక్కసారిగా పొదలా లేచింది. వెనుక వైపు కప్పు మిట్టకు దాదాపు తగిలేంత కిందికి ఉండేది. స్కాట్లాండ్‌లో గాలి కోసం అట్లా కడతారట. ఇక్కడ గాలి సంగతి ఏమో గానీ, దగ్గరి తండా మేకలకు అది మెట్టు అయింది. ఒకరోజు పొద్దున మట్టి పెళ్లలు అన్నం గిన్నెలో రాలుతుంటే బయటికొచ్చి చూశాం. కప్పు మీద మేకలు నింపాదిగా మేస్తున్నాయి.

వాటిని కాచే లంబాడీ ఆమె కింద కర్ర ఆనించుకొని నిలబడి నవ్వుతోంది. నా వయసే ఉంటుంది. అత్తమ్మను వాళ్ల భాషలో యాడీ, అంటే అమ్మా, అని పిలిచేది.

"నీ మేకలను దింపుకో!" అని అత్తమ్మ అరిచింది.

"నేనెక్కిచ్చిన్నా యాడీ? మా తండల గడ్డి కిందుంటది. మీ పటేండ్లకు ఇంటిమీదుంటది. వాటికేమెర్క?"

"కప్పు కూలితె ఎవరు గట్టిస్తరు?"

"మేక కూలిస్తదా? నువ్వు ఎక్కి తిరిగితె కూలుతది," అంది ఆమె, అత్తమ్మ లావును చూసి.

అత్తమ్మకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. కొడుకు పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి, ఆ వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి మేకలామె రోజూ వచ్చేది. కప్పు మీద కంప వేశాం. మేకలు కంపను కూడా తిన్నాయి.

చెరువు నిండింది. మొదట మూడు వైపులా నీళ్లు వచ్చాయి, తర్వాత ఒకరోజు తెల్లారేసరికి నాలుగో వైపు కూడా. దాటాలంటే మోకాలి లోతు, ఒకచోట నడుం లోతు. నేను మిట్ట చుట్టూ నడిచి చూశాను. మళ్లీ నడిచాను. చూడాలని ఆశపడ్డ మనిషి లేడు, దీవి మాత్రం వచ్చింది.

అప్పుడే సమ్మె మొదలైంది. తెలంగాణ ఇచ్చేదాకా అందరూ పనులు ఆపేశారు. బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి. మా కాలేజీ మూసేశారు. భూపాలపల్లిలో బొగ్గు తవ్వడం ఆగింది. కరెంటు ఎప్పుడో వచ్చేది, ఎప్పుడో పోయేది. సోలార్ పలక ఉన్నది మా ఇంటికే కాబట్టి ఊళ్లోవాళ్ల సెల్‌ఫోన్లన్నీ సంచిలో వేసుకొని, నెత్తిన పెట్టుకొని, మేకలామె నీళ్లలోంచి వచ్చేది. "యాడీ, మీ గుడిసె ఇప్పుడు సబ్‌స్టేషన్" అనేది. సమ్మె న్యాయమైనదే. ఆయన ఉండి ఉంటే రోడ్డు మీదే ఉండేవాడు. ఉద్యమం మొదలయ్యాక ఆయన క్లాసులో పాఠాలు కూడా ఇంటి భాషలోనే చెప్పేవాడు. సినిమాల్లో మన మాటను రౌడీలకు ఇచ్చేశారు, మనం తిరిగి తీసుకోవాలె అనేవాడు. అదంతా నాకు తెలుసు. కానీ నేను మాత్రం బస్సు లేదన్న ఒక్క విషయమే ఆలోచించాను. మా వీధికి పోలేను. తాళం వైపు చూడటం కూడా లేకుండా పోయింది. పొద్దున లేస్తూనే ఒడ్డుకు పోయి నిలబడేదాన్ని, తిరిగొచ్చేదాన్ని, చీపురు అందుకొని ఊడ్చిన చోటే ఊడ్చేదాన్ని.

"ఒక్కకాడ కూసోరాదు పిల్లా. నిన్ను జూస్తె నా కండ్లు తిరుగుతున్నయి," అనేది అత్తమ్మ.

"తాళం ఇయ్యి, కూసుంట."

"ఇచ్చినా ఎట్ల పోతవ్?"

"నడిసి పోత."

ఆమె రొండిన ఉన్న తాళంచెవిని తడుముకుంది. ఆ రోజు ఉప్పు అందుకోమనలేదు.

బతుకమ్మ రోజులు వచ్చాయి. చావు జరిగిన ఇల్లు కాబట్టి ఆ ఏడు మాకు బతుకమ్మ లేదు. జనగామ దగ్గర పెద్ద రోడ్డును ఆపి, అక్కడే వంట చేసి తిని, రోడ్డు మీదే బతుకమ్మ ఆడాలని ఊరి ఆడవాళ్లు అనుకున్నారు. ట్రాక్టర్ పెట్టారు. తెల్లవారగానే అత్తమ్మ ఉతికిన చీర కట్టుకొని తయారైంది.

"నువ్వెక్కడికి అత్తమ్మా? మనం ఆడొద్దు గద."

"ఆడ్త అన్ననా? గంతమందికి ఉప్మ జేస్తరట. ఉల్లిగడ్డలు కోస్త."

"గీ నీళ్లల్ల ఎట్ల పోతవ్?"

"మేకలామె చెయ్యి పట్టుకుంటది. తెలంగాణ ఊకెనే వస్తదా?"

ఉద్యమం గురించి ఆమె ఒక్కమాట మాట్లాడటం అంతకుముందు వినలేదు. ఆశ్చర్యపడ్డాను, కానీ ఆపలేదు. నన్ను రమ్మనలేదు కూడా. నడుం లోతు దగ్గర చీర తడవకుండా పైకి లాక్కుంటూ, మేకలామెను తిట్టుకుంటూ అవతలి ఒడ్డుకు చేరింది.

ఆ రోజంతా మిట్ట మీద నేనొక్కదాన్నే. అంత చిన్న చోట అంతసేపు నడవవచ్చని నాకు తెలియదు.

పొద్దు వాలుతుండగా ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. అవతలి ఒడ్డున ఆడవాళ్లు దిగి ఊళ్లోకి పోయారు. అత్తమ్మ ఒక్కతే చెరువు వైపు వచ్చింది. చంకలో ఏదో మూట. నీళ్లలోకి దిగకుండా ఒడ్డున ఉన్న బండ దగ్గర కూర్చుంది. మూట విప్పి దాన్ని నీళ్లలో ముంచింది. అప్పుడు రంగు కనిపించింది. నీలం.

"ఉతకకు!" అని అరిచాను.

నీళ్ల మీద గాలి నావైపే వీస్తోంది. నా మాట ఆమె దాకా పోలేదు. నేను నీళ్లలోకి పరుగెత్తాను. చీర కాళ్లకు చుట్టుకుంది. రెండు చేతులూ ఊపాను. ఆమె తల ఎత్తి చూసింది. పొద్దు పోతోందని తొందరపెడుతున్నాననుకుందేమో, వస్తున్నా అన్నట్టు ఒక చెయ్యి ఊపి, ఇంకా గట్టిగా ఉతికింది. అంగీని బండ మీద బాదింది, తిప్పింది, మళ్లీ బాదింది. కొంగు ముడి విప్పి పసుపు తీసి నీళ్లలో కలిపి అందులో ముంచింది. పిండింది. నేను నడుం లోతు దగ్గరికి చేరేసరికి ఆమె ఎదురొచ్చింది. నన్ను దాటి, నా చెయ్యి పట్టుకొని వెనక్కి లాక్కొచ్చింది.

"నువ్వెందుకు దిగినవ్? జారితెనో?"

మిట్ట మీదికి వచ్చాక అంగీ నా చేతిలో పెట్టింది. తడిగా, బరువుగా, నీలం మీద పసుపు ఎక్కి అదో రంగులో ఉంది. చెరువు నీళ్ల వాసన, పసుపు వాసన. ఇంకేమీ లేదు.

"ఇగో. ఇగ నువ్వు ఆ ఇంటికాడ నిలబడి చూసుడు బంద్ జెయ్యి. జెరాక్సోడు జెప్పిండు నాకు, ఊరంత జూసిందట నీ తమాష."

"నువ్వు లోపటికి పోయినవా?"

"పోకుంటె అంగీ నడిసొచ్చిందా?"

"నువ్వే గద ఒద్దంటివి."

"నిన్ను ఒద్దన్న. నన్ను నేను ఒద్దనుకున్ననా?" ఆమె కూర్చొని కాళ్లు చాపుకుంది. "నువ్వు నడిసి పోత అన్ననాడే అనుకున్న. ఏమన్నైతె నాకు గావాలె. నువ్వైతె తొక్కలె గద గడప. మల్ల నీకు అంటొద్దని రెండు మాట్ల ఉతికిన. పసుపుల ముంచిన. ఇగ పట్టుకో, ఏం గాదు."

పాడుపెట్టిన ఇంట్లోంచి తెచ్చిన వస్తువును శుద్ధి చెయ్యకుండా ఇంకొకరి చేతికి ఇవ్వరు. ఆమెకు అది ఆలోచించవలసిన విషయం కూడా కాదు. నేను అంగీ ఎందుకు కావాలన్నానో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. అంగీ కావాలన్నాను, అంతే. ఆమె అంగీ తెచ్చింది.

నేను దులిపి, చేతులు సరిచేసి, ఖాళీగా ఉన్న మేకుకు తగిలించాను. "మంచిగ పోయింది మురికి," అంది అత్తమ్మ. అవునన్నాను.

మర్నాడు ఆమెకు జ్వరం వచ్చింది.

రెండుసార్లు నడుం లోతు నీళ్లు దాటింది, రోజంతా ఎండలో రోడ్డు మీద ఉంది, ఆ వయసులో జ్వరం రాకపోతేనే వింత. నాకు ఇది తెలుసు. ఎవరైనా అడిగితే ఇదే చెప్పేదాన్ని. కానీ ఆమె వణుకుతూ గొంగడి కప్పుకున్నప్పుడు నా మనసులో వచ్చిన మొదటి మాట ఇది కాదు. ఇల్లు తెరిచింది అన్నదే వచ్చింది. ఇంకొకరిని తీసుకుపోతుంది అన్నదే వచ్చింది. దాన్ని తోసేశాను. ఆమె ఊపిరి వింటూ కూర్చున్నప్పుడు మళ్లీ వచ్చింది. అప్పటిదాకా నాకు ఒక్క అంగీయే మిగిలిందనుకున్నాను. ఇద్దరికి సరిపడే ఇంట్లో రెండో మనిషి ఉందని అప్పుడు చూశాను.

మేకలామె ఊళ్లోని ఆర్ఎంపీ డాక్టరును నీళ్లలోంచి నడిపించుకొచ్చింది. ఆయన సూది వేసి, జనగామ దవాఖానకు పోవాలంటే రోడ్లు బంద్ ఉన్నాయి, రెండు రోజులు చూద్దామన్నాడు. ఆ రెండు రోజులు నేను ఆమెను అరుగు దిగనివ్వలేదు. మరుగుదొడ్డికి కూడా చెయ్యి పట్టుకొని తీసుకుపోయాను.

"కొడుకు కట్టిన బూడిద దొడ్డి పనికొచ్చింది సూడు," అంది, అంత జ్వరంలోనూ.

ఆమె నిద్రపోతున్నప్పుడు రొండిన ఉన్న తాళంచెవి తీసి నా కొంగుకు ముడి వేసుకున్నాను. జ్వరం తగ్గాక తడుముకుంది. లేదు. నా కొంగు చూసింది.

"నాకెందుకు ఇయ్యవు?"

"మల్ల పోతవ్ నువ్వు."

"నీకు నమ్మకం లేదంటివి?"

"లేదు."

"మరి?"

"లేదు గని, నువ్వు పోవుడొద్దు."

ఆమె పెదవి విరిచి గోడ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకొని దగ్గరికి పోయాను. నవ్వుతోంది.

సమ్మె ముగిసింది. తెలంగాణ అప్పుడే రాలేదు, ఇంకా కొన్నేళ్లు పట్టింది. చెరువు నీళ్లు తగ్గి మిట్ట మళ్లీ మిట్ట అయింది. ఆరు నెలలు పూర్తయ్యాక పంతులు మంచిరోజు చూశాడు. చెల్పూర్ నుంచి ఆడబిడ్డా ఆమె భర్తా కారులో వచ్చారు. మానుకోట నుంచి మా అన్న వచ్చాడు. ఇల్లు తెరిచి, శాంతి చేసి, సాయంత్రం ఎవరి దారిన వాళ్లు పోవాలని ముందే అనుకున్నారు. అత్తమ్మ చెల్పూరుకు, నేను మా అన్న వెంట. నన్నెవరూ అడగలేదు.

కంప తీసేశారు. నా కొంగు ముడి విప్పి తాళం నేనే తీశాను. లోపలి నుంచి చెమ్మ వాసన కొట్టింది. పంతులు నీళ్లు చల్లి, "ఇంటి పెద్ద ముందు అడుగు పెట్టాలె" అన్నాడు. అత్తమ్మ చీర సర్దుకొని ముందుకొచ్చింది.

నేను ఆమె కంటే ముందు గడప దాటాను.

వెనుక నుంచి నా జబ్బ మీద గట్టిగా గిల్లింది. "నీకేమన్న బుద్ధున్నదా? పంతులు ఏం జెప్పిండు?"

"నాకు నమ్మకం లేదు గద అత్తమ్మా."

ఆమె నా వెనుకే గడప దాటింది. లోపల గదిలో తలుపు వెనుక కొక్కెం ఖాళీగా ఉంది. చూసి, తలుపు మళ్లీ గోడ వైపుకు తోశాను.

పాలు పొంగాయి. అందరూ తిన్నారు. సాయంత్రం ఆడబిడ్డ, "లెవ్వే అవ్వా, చీకటైతె తొవ్వల లారీలుంటయి" అంది.

అత్తమ్మ లేవలేదు. గోడకు ఆనుకొని కాళ్లు చాపుకొని నా వైపు వేలు చూపించింది.

"గీ పిల్లను ఒక్కదాన్ని ఇడిసిపెడితె ఏదో ఒకటి తొక్కుతది. నేను రాను. మీరు పోయిరాండ్రి." తర్వాత నాతో అంది, "రేపు పొద్దుగాల బస్సుకు పోదాం. ఆ మేకలు కప్పంత తినుంటయి."